ముప్పై దాటాక సంగీత సాధన: మీ స్వభావానికి తగ్గట్టు అందులో లీనం కావడం ఎలా?

సరళీ వరుసలు (కర్ణాటక సంగీతంలో తొలి స్వర పాఠాలు) మొదలుపెట్టిన పది నిమిషాలకే చూపు గడియారం మీదికి పోతోందా? లేక కాస్త పెద్ద పాఠమైన వర్ణం ఎత్తుకోగానే గొంతు బిగుసుకుపోయి, పక్క ఫ్లాట్ వాళ్ళు వింటున్నారేమో అన్న ధ్యాస తప్ప ఇంకేమీ మిగలడం లేదా? ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ పెద్ద వయసులో కర్ణాటక సంగీతం మొదలుపెట్టిన వాళ్ళకి ఈ రెండు ఇబ్బందులూ మామూలే. ఇద్దరికీ చెప్పే సలహా మాత్రం తరచూ ఒకటే ఉంటుంది: "ఇంకా సాధన చెయ్యండి." మొదటివారికి కావలసింది కొంచెం కష్టమైన పాఠం. రెండోవారికి కావలసింది కొంచెం తేలికైనది. గంటలు పెంచినంత మాత్రాన ఇద్దరికీ ఒరిగేదేమీ ఉండదు.

పాడుతూ పాడుతూ టైమ్ తెలియకపోవడం, బాగా పాడుతున్నానా లేదా అన్న బెంగ కాసేపు మాయమవడం, తరవాతి స్వరం తనంతట తానే వచ్చినట్టుండటం. ఈ స్థితిని మనస్తత్వ శాస్త్రంలో ఫ్లో అంటారు. హంగరీ మూలాలున్న అమెరికన్ మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ చదరంగం ఆడేవాళ్ళనీ, కొండలెక్కేవాళ్ళనీ, నర్తకులనీ, సర్జన్లనీ అడిగి చూసి, దీని లక్షణాలను 1975లో వివరంగా రాశారు. ఇది కలగాలంటే ముఖ్యంగా మూడు కావాలి. ఇప్పుడు ఏం చేయాలో స్పష్టంగా తెలియాలి, చేసింది సరిగా వచ్చిందో లేదో వెంటనే తెలియాలి, పని కష్టం మన నైపుణ్యానికి దగ్గరగా ఉండాలి.

కర్ణాటక సంగీతంలో మొదటి రెండూ పాఠంలోనే ఉన్నాయి. ఆవర్తనం (తాళం ఒక చుట్టు) తిరిగి సమానికి, అంటే తాళం మొదలైన దెబ్బకి, చేరాలి, అది లక్ష్యం. శ్రుతి (ఆధార స్వరం) కలిసిందా, చేతి తాళం తప్పిందా అన్నది ఆ క్షణంలోనే చెవికి తెలుస్తుంది. మూడోది, అంటే కష్టం ఎంత మోతాదులో ఉండాలన్నది, మనమే పెట్టుకోవాలి. మనిషి స్వభావమూ, నేర్చుకోవడానికి ఉన్న కారణమూ వచ్చి చేరేది సరిగ్గా ఇక్కడే. కింద చెప్పే పద్ధతి గాత్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. వీణ, వయొలిన్ వాళ్ళు గొంతు జాగ్రత్తలు వదిలేసి మిగతాదంతా వాడుకోవచ్చు.

మొదటి మెట్టు: ఒక వారం లెక్క రాయండి

ఈ వారం సాధనలో ఏమీ మార్చకండి. శ్రుతి పెట్టె పక్కన ఒక చిన్న నోట్‌బుక్కూ పెన్నూ పెట్టుకోండి. పాడటం ఆపగానే, గడియారం చూడకముందే, ఎన్ని నిమిషాలు పాడానని మీకు అనిపిస్తోందో రాయండి. తరవాత గడియారం చూసి అసలు నిమిషాలు పక్కన రాయండి. ఆ రోజు పాడిన పాఠం పేరు రాసి, దానికి మూడు అంకెలు వేయండి: పాఠం ఎంత కష్టం, దానికి నా నైపుణ్యం ఎంత, ఎంత లీనమయ్యాను. మూడూ 1 నుంచి 9 లోపు. చివర్లో ఒక్క ముక్క: మధ్యలో మనసు ఎటు పోయింది? "రేపటి మీటింగ్", "గురువుగారు ఏమంటారో", "విసుగు", ఇలా రెండు మాటలు చాలు. మొత్తం పని రెండు నిమిషాలకు మించకూడదు.

చిక్‌సెంట్‌మిహాయ్ బృందం పేజర్లు ఇచ్చి, రోజులో కొన్నిసార్లు అనుకోని వేళల్లో మోగించి, ఆ క్షణంలో మనిషి ఏం చేస్తున్నాడో, ఎలా ఉన్నాడో రాయించేది. ఈ నోట్‌బుక్ దానికి ఇంటి రూపం. ఒక తేడా ఉంది: సాధన మధ్యలో ఆగి రాయకూడదు. కొలవడానికి ఆగితే కొలవాల్సిందే పోతుంది.

వారం చివర కష్టం అంకెల సగటు, నైపుణ్యం అంకెల సగటు విడివిడిగా తీయండి. ఇటలీలోని మిలాన్‌లో ఫౌస్టో మాస్సిమిని బృందం చూపించిన మెళకువ ఇక్కడ పనికొస్తుంది. కష్టమూ నైపుణ్యమూ సమానంగా ఉంటే చాలదు, రెండూ ఆ మనిషి సొంత సగటు కంటే పైన ఉండాలి. కష్టం 2, నైపుణ్యం 2 అయినప్పుడు సమతూకం ఉన్నట్టే, కానీ లీనమయ్యేది ఏమీ ఉండదు. అది నిర్లిప్తత. ఐదేళ్ళుగా అవే జంట స్వరాలు అదే వేగంలో పాడేవాళ్ళ నోట్‌బుక్కుల్లో కనబడేది ఇదే.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. రాత్రి పడుకునే ముందు గుర్తు తెచ్చుకుని రాయడం ఒకటి. అప్పటికి ఆ రోజు మూడ్ అంతా అంకెల్లోకి ఎక్కేస్తుంది. నైపుణ్యాన్ని గురువుగారి కళ్ళతో చూసి 1, 2 వేసుకోవడం రెండోది. "ఈ పాఠానికి నాకున్న పట్టు ఎంత" అన్నదే ప్రశ్న, "నేను ఏపాటి గాయకుణ్ణి" అన్నది కాదు.

రెండో మెట్టు: మీ స్వభావం ఏ వైపు మొగ్గుతుందో చూసుకోండి

ఇంటర్నెట్‌లో దొరికే వ్యక్తిత్వ పరీక్షలు ఇక్కడ అక్కర్లేదు. ఈ విషయానికి పనికొచ్చేవి నాలుగే, అందులో మొదటిది అన్నిటికన్నా ముఖ్యం.

గెలుస్తానన్న ఆశ మిమ్మల్ని నడిపిస్తుందా, తప్పు పోతుందేమోనన్న భయమా? అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ అట్కిన్‌సన్ దీని మీద చాలా పని చేశారు. ఆయన బృందం కాలేజీ విద్యార్థుల చేత రింగులు విసిరే ఆట ఆడించింది. ఎంత దూరంలో నిలబడి విసరాలన్నది వాళ్ళ ఇష్టం. ఆశ బలంగా ఉన్నవాళ్ళు ఎక్కువగా మధ్య దూరం ఎంచుకున్నారు. భయం బలంగా ఉన్నవాళ్ళలో ఆ మొగ్గు తగ్గింది. మరీ దగ్గర నుంచి విసిరితే తప్పు పోయే ప్రసక్తే లేదు. మరీ దూరం నుంచి విసిరితే తప్పినా ఎవరూ ఏమీ అనరు. సంగీతంలో ఇది రోజూ కనిపిస్తుంది. అలంకారాలు (ఏడు తాళాల్లో పాడే స్వర పాఠాలు) దాటకుండా ఏళ్ళ తరబడి ఉండిపోయేవారూ, తొలి చిన్న పాటలైన గీతాలు కుదరకముందే పెద్ద కృతి కావాలని పట్టుబట్టేవారూ పైకి వేరువేరుగా కనిపించినా, లోపల చాలాసార్లు ఒకటే భయం. మీ నోట్‌బుక్ తిరగేయండి. కష్టం అంకెలు 2, 3 దగ్గరో 8, 9 దగ్గరో గుమిగూడి, మధ్యలో ఖాళీగా ఉంటే భయం వైపు మొగ్గు ఉందనుకోవచ్చు.

రెండోది ఆందోళన. చిన్న విషయానికే మనసు కలత పడుతుందా, అయిపోయిన తప్పు గంటల తరబడి వెంటాడుతుందా? స్వీడన్‌లో ఫ్రెడ్రిక్ ఉల్లెన్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఆందోళన స్వభావం ఎక్కువున్నవారికి ఫ్లో తక్కువగానూ, క్రమశిక్షణతో పని చేసే స్వభావం ఉన్నవారికి ఎక్కువగానూ కలుగుతున్నట్టు తేలింది. తెలివితేటల పరీక్షల్లో వచ్చిన మార్కులకీ దీనికీ సంబంధం కనిపించలేదు. ఉల్లెన్ స్వయంగా కచేరీలు చేసే పియానో కళాకారుడు కూడా, కాబట్టి సాధన గది సంగతి ఆయనకు కొత్త కాదు. అదే దేశపు కవలల మీద చేసిన పరిశీలనలో ఫ్లో కలిగే ఈ మొగ్గులో సుమారు మూడో వంతు తేడాలు పుట్టుకతో వచ్చేవని అంచనా వేశారు. మిగతాదానికి దారి తెరిచే ఉంది.

మూడోది పట్టుదల. అయితే గట్టి సంకల్పం అన్న అర్థంలో కాదు, మొదలుపెట్టిన పనిలో ఉండగలగడం అన్న అర్థంలో. కొందరు పాట బాగా వస్తున్నప్పుడే వదిలేసి ఇంకోదాని మీదికి దూకుతారు. 2008లో యోహానెస్ కెల్లర్, హెర్బర్ట్ బ్లెస్ అనే పరిశోధకులు టెట్రిస్ అనే వీడియో ఆటను మూడు రకాలుగా ఆడించారు: మరీ నెమ్మది, మరీ వేగం, ఆడేవారి నైపుణ్యాన్ని బట్టి తనే సర్దుకునేది. మూడో రకంలో లీనమవడం ఎక్కువ. కానీ ఆ లాభం అందరికీ సమానంగా అందలేదు, పనిలో నిలిచి ఉండగల స్వభావం ఉన్నవారే దాన్ని ఎక్కువగా పొందారు. కష్టం సరిగ్గా అమర్చినా మీకు పని చేయకపోతే, లోపం మోతాదులో కాక ఇక్కడ ఉండొచ్చు.

నాలుగోది ఒక నమ్మకం. "గొంతు పుట్టుకతో రావాలి, మనకెక్కడిది" అని మీరు తరచూ అంటుంటారా? ఫలితం తన చేతిలో ఉందని నమ్మేవారికి సమతూకం వల్ల ఫ్లో కలుగుతుంది, లేదనుకునేవారికి అంతగా కలగదని కెల్లర్ మరో అధ్యయనంలో చూపించారు. ఈ నమ్మకాన్ని ఉపన్యాసాలతో మార్చలేం. కింద నాలుగో మెట్టులో చెప్పే తప్పుల లెక్కతో కొంత మార్చొచ్చు.

మూడో మెట్టు: ఎందుకు నేర్చుకుంటున్నారో నిజం రాసుకోండి

నోట్‌బుక్ చివరి పేజీలో, ఎవరికీ చూపించనక్కర్లేదన్న ధైర్యంతో, కారణం రాయండి. పిల్లను క్లాసుకు దింపుతూ మీరూ చేరారా? అపార్ట్‌మెంట్ వినాయక చవితి కార్యక్రమంలో పాడాలనా? డిప్లొమా పరీక్షకా? చిన్నప్పుడు మాన్పించారన్న కసా? రాగం వింటే ఉండబట్టకనా? రెండు మూడు కారణాలు ఉంటే అన్నీ రాసి, ఏది ఎంత అని పదికి మార్కులు వేయండి.

మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ దశాబ్దాలుగా చెబుతున్న మాట ఏమిటంటే, బయటి కారణాలన్నీ ఒక్కటి కావు. "చేయకపోతే సిగ్గు" అన్నదీ, "ఇది నాకు విలువైనది కాబట్టి కష్టమైనా చేస్తాను" అన్నదీ రెండూ సరదా కోసం కావు. అయినా రెండోది సొంతం చేసుకున్న కారణం, దానితో మనసు పనిలో నిలుస్తుంది. మొదటిదానితో మనసు సగం పాటలో, సగం చూసేవాళ్ళ ముఖాల్లో ఉంటుంది. డెసి 1971లో చేసిన ప్రయోగంలో, పజిల్ పరిష్కరించినందుకు డబ్బు తీసుకున్న విద్యార్థులు, డబ్బు ఆపేశాక ఖాళీ సమయంలో ఆ పజిల్ జోలికి వెళ్ళడం తగ్గించారు. పరీక్ష అయిపోగానే శ్రుతి పెట్టె అటకెక్కడానికి కారణం చాలామందిలో ఇదే.

పరీక్ష రాయొద్దని కాదు. కారణాల్లో సిగ్గు, పోలిక, పరీక్ష కలిపి సగానికి మించితే, వారంలో కనీసం రెండు రోజులు పరీక్షతో సంబంధం లేని పాఠం మీరే ఎంచుకోండి. ఏ రాగం, ఎంతసేపు, ఏ క్రమంలో అన్నది ఆ రోజు పూర్తిగా మీ ఇష్టం. గురువుగారికి ముందే చెప్పి ఒప్పించుకోవడం మంచిది. చాలామంది గురువులు కాదనరు, అడిగేవాళ్ళే తక్కువ.

నాలుగో మెట్టు: కష్టం మోతాదు అమర్చండి

అసలు పని ఇది. తొందరపడకుండా చదవండి.

ముందు మీ నిలకడ వేగం కనుక్కోవాలి. తొలి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో ఒక సరళీ వరుస తీసుకోండి. మెట్రోనోమ్‌ గానీ తాళం యాప్‌ గానీ నిమిషానికి 60 దెబ్బలకు పెట్టండి. ఆది తాళం ఎనిమిది దెబ్బలు కాబట్టి ఆవర్తనానికి 8 సెకన్లు పడుతుంది. మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మీరు ప్రస్తుతం పాడుతున్న కాలంలో వరుసగా పది ఆవర్తనాలు పాడి, శ్రుతి జారినవి, తాళం తప్పినవి లెక్కపెట్టండి. పదిలో ఒకటికి మించి తప్పు పోతే దెబ్బలు నాలుగు తగ్గించి మళ్ళీ పాడండి. ఒకటీ పోకపోతే నాలుగు పెంచండి. పదిలో ఒక్క తప్పు దగ్గర స్థిరపడిన వేగమే మీ నిలకడ వేగం.

ఇప్పుడు స్వభావాన్ని బట్టి మోతాదు. గెలుస్తానన్న ఆశ ఎక్కువున్నవారు నిలకడ వేగానికి పదో వంతు కలపండి, 60 ఉంటే 66. పదిలో రెండు మూడు తప్పులు పోతుంటే సరైన చోట ఉన్నారు. భయం, ఆందోళన ఎక్కువున్నవారు పదో వంతు తగ్గించి, 54 దగ్గర మొదలుపెట్టండి. వరుసగా మూడుసార్లు పది ఆవర్తనాలూ తప్పు లేకుండా వస్తేనే రెండు దెబ్బలు పెంచండి. వీళ్ళకు పదిలో ఒక తప్పు చాలు, మూడైతే ఎక్కువ. ఎవరికైనా సరే పదిలో ఐదు పోతుంటే అది సాధన కాదు, తప్పును బట్టీ పట్టడం. ఈ అంకెలు మొదలుపెట్టడానికి ఒక కొలత మాత్రమే. రెండు వారాల్లో మీ నోట్‌బుక్ వీటిని సరిదిద్దుతుంది.

తేలికైన వైపు మొగ్గితే ఫ్లో ఎలా వస్తుందన్న అనుమానం సహజం. స్టెఫాన్ ఎంగెసర్, ఫాల్కో రైన్‌బర్గ్ 2008లో తప్పనిసరి స్టాటిస్టిక్స్ పాఠంలోనూ, ఇష్టపడి చేరిన ఫ్రెంచ్ తరగతిలోనూ, పాక్‌మన్ వీడియో ఆటలోనూ దీన్ని చూశారు. పని ఫలితం మనకు ముఖ్యమైనప్పుడు, కష్టం నైపుణ్యం కంటే తక్కువగా ఉన్నా ఫ్లో బాగానే ఉంది. సమతూకం వల్ల ఎక్కువ లాభం పొందింది ఆశ బలంగా ఉన్నవారే. హాంకాంగ్ విద్యార్థుల మీద జొవాన్ని మొనేటా 2004లో ప్రచురించిన పరిశోధనలో కూడా, నైపుణ్యం ఎక్కువ, కష్టం తక్కువ ఉన్న చోటే పని మీద ఇష్టం ఎక్కువగా కనిపించింది. కాబట్టి వచ్చిన పాఠాన్ని హాయిగా పాడుకోవడం ఇష్టమైతే అది బద్ధకం అనుకోనక్కర్లేదు. ఆచరణలో దీని అర్థం: పరీక్షకో, కార్యక్రమానికో నెల రోజులుందనగా ఎవరైనా సరే మోతాదు ఒక మెట్టు తగ్గించండి. కొత్త కృతి ఎత్తుకోవడానికి అది సమయం కాదు.

పెద్దవాళ్ళు ఎక్కువగా తడబడేది కాలం మారేటప్పుడు. 60 దెబ్బల దగ్గర మొదటి కాలంలో నిమిషానికి 60 స్వరాలు పలుకుతాయి. అదే దెబ్బ మీద రెండో కాలానికి వెళితే ఒక్కసారిగా 120. కష్టం రెట్టింపు చేసి, రాలేదని నిరాశపడటం న్యాయం కాదు. రెండో కాలం మొదలుపెట్టేటప్పుడు దెబ్బను 40కి దించండి. అప్పుడు నిమిషానికి 80 స్వరాలే, గొంతుకు అందే వేగం. అక్కడి నుంచి 44, 48, 52 అంటూ 60కి చేరండి. మూడో కాలానికీ ఇదే దారి. కాకపోతే దెబ్బ మరీ నెమ్మదించాక చేతి తాళం పట్టడమే కష్టమవుతుంది, అందుకని కొన్నాళ్ళు తాళం యాప్‌కే వదిలేసినా తప్పు లేదు.

ఒకేసారి ఒక్కటే మార్చండి. వేగం పెంచిన రోజు రాగం మార్చకూడదు. అకారంలో (స్వరాల పేర్లు లేకుండా "ఆ" అంటూ) పాడటం మొదలుపెట్టిన రోజు వేగం పెంచకూడదు. రెండూ మారిస్తే తప్పు ఎందుకు వచ్చిందో తెలియదు, అంటే వెంటనే తెలియాలన్న రెండో షరతు కూడా పోతుంది.

ఇక విసుగుతో బాధపడేవారు. కొత్తదనం కోరుకునే స్వభావానికి వేగం పెంచడం ఒక్కటే మందు కాదు. అవే అలంకారాలను కల్యాణిలో, శంకరాభరణంలో, ఖరహరప్రియలో పాడండి. తాళం మార్చి చూడండి. ఏడు అలంకారాల్లో ధ్రువ, అట తాళాలకు 14 అక్షరాలు (తాళంలో లెక్కపెట్టే దెబ్బలు), మఠ్య, ఝంపెలకు 10, త్రిపుటకు 7, రూపకానికి 6, ఏకానికి 4. అట తాళం దగ్గర లెక్క తప్పకుండా చూసుకుంటూ విసుగు చెందడం కష్టం. అదీ అలవాటైతే చతురశ్రంలో (దెబ్బకు నాలుగు చొప్పున) పాడేదాన్ని తిశ్ర గతికి (దెబ్బకు మూడు చొప్పున) మార్చండి.

తప్పుల లెక్క ఇలా పెట్టండి. "బాగా రాలేదు" అని రాయకండి. "అవరోహణలో రిషభం శ్రుతి పెరిగింది", "ద్రుతం (తాళంలో రెండు అక్షరాల భాగం) దగ్గర తొందరపడ్డాను" అని రాయండి. మాయామాళవగౌళలో శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం షడ్జానికీ పంచమానికీ బాగా దగ్గర. కొత్తవారి గొంతు అక్కడ పైకి జారడం సాధారణం. తప్పుకు చిరునామా దొరికితే మర్నాడు చేయాల్సిన పని దొరికినట్టే. పుట్టుకతో గొంతు లేదనుకునేవారికి, రిషభం మూడు వారాల్లో సర్దుకోవడం సొంత చేతిరాతలో కనబడితే, ఆ నమ్మకం కొంచెం కదులుతుంది.

ఐదో మెట్టు: 45 నిమిషాలను ఇలా పంచండి

మొదటి 8 నిమిషాలు మంద్ర (కింది) స్థాయిలో నెమ్మదిగా, ఒక్కో స్వరం మీద నిలబడి శ్రుతి కలపండి. తరవాతి 5 నిమిషాలు పూర్తిగా వచ్చిన పాఠం. ఆ పైన 20 నిమిషాలు నాలుగో మెట్టులో అమర్చుకున్న కొత్త పాఠం, అది ఒక్కటే. ఆఖరి 10 నిమిషాలు మీకు ఇష్టమైనది ఏదైనా, ఎంత తేలికదైనా. రెండు నిమిషాలు నోట్‌బుక్కుకు. ఆందోళన స్వభావం ఉన్నవారు వచ్చిన పాఠానికి 10 నిమిషాలు ఇచ్చి, కొత్తదాన్ని 15కి తగ్గించుకోండి. 25 నిమిషాలే దొరికే రోజు కొత్త పాఠాన్ని వదిలేయండి కానీ శ్రుతి కలపడాన్ని వదలొద్దు.

ఆఫీసు నుంచి రాగానే కూర్చోకండి. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళితే, మనసులో కొంత భాగం మొదటిదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. మిగిలిపోయిన పనినీ, రేపు దాన్ని ఎక్కడ నుంచి మొదలుపెట్టాలన్నదీ ఒక కాగితం మీద రాసి, ఆ తరవాత కూర్చోండి. శ్రుతి, తాళం ఫోన్‌లోనే ఉంటే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాల్సిందే. వాట్సాప్ మోత ఒక్కసారి వినిపిస్తే చాలు, ఆ ఆవర్తనం పోయినట్టే. వీలుంటే విడిగా శ్రుతి పెట్టె కొనుక్కోవడం మేలు.

క్రమశిక్షణ తక్కువున్నవారికి "రోజూ పాడాలి" అన్న తీర్మానం పని చేయదు. పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించిన పద్ధతి వాడండి: "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే కట్టేసుకోవడం. "రాత్రి వంటగది సర్దగానే శ్రుతి పెట్టె ఆన్ చేస్తాను." పాడతాను అని కూడా అనకండి, ఆన్ చేస్తాను అంటే చాలు. శ్రుతి మోగుతుంటే పాడకుండా ఉండటమే కష్టం.

ఇక్కడ తీరిక సంగతి ఒకటి చెప్పుకోవాలి. చిక్‌సెంట్‌మిహాయ్, జుడిత్ లెఫెవర్ 1989లో 78 మంది ఉద్యోగుల మీద ప్రచురించిన అధ్యయనంలో, ఫ్లో లాంటి క్షణాలు తీరిక వేళల్లో కంటే ఉద్యోగంలోనే చాలా ఎక్కువగా నమోదయ్యాయి. అయినా వాళ్ళ మనసు కోరుకున్నది తీరికనే. సోఫాలో కూర్చోవాలన్న కోరిక, అక్కడ ఆనందం దొరుకుతుందనడానికి రుజువు కాదు. పాడటానికి బద్ధకంగా ఉన్న రోజు ఎనిమిది నిమిషాల శ్రుతి వరకు చేసి, అప్పుడు మానాలో వద్దో తేల్చుకోండి.

రికార్డింగ్ మంచిదే కానీ జాగ్రత్త. మొదటి నుంచి చివరి దాకా రికార్డు నడుస్తుంటే, ఆందోళన ఉన్నవారికి అది ఎదురుగా కూర్చున్న పరీక్షకుడితో సమానం. కొత్త పాఠంలో చివరి రెండు నిమిషాలు మాత్రం రికార్డు చేయండి. విని తప్పుల చిరునామా రాసుకుని చెరిపేయండి.

ఆరో మెట్టు: ఒంటరిగానా, నలుగురితోనా

కలిసి చేసే పనుల్లో కలిగే ఫ్లో, ఒంటరిగా కలిగేదాని కంటే ఎక్కువ ఆనందాన్నిస్తుందని చార్లెస్ వాకర్ 2010లో తేల్చారు. బృందగానం, భజన గోష్ఠి, ఇద్దరు ముగ్గురు కలిసి వర్ణం పాడుకోవడం అందుకే అంత హాయిగా ఉంటాయి. నలుగురిలో ఉత్సాహం పొందేవారు వారానికి ఒక్కసారైనా ఇలా కూడండి. బిడియస్థులు ఒక్కరితోనే మొదలుపెట్టండి, అదీ ఇద్దరికీ పూర్తిగా వచ్చిన పాఠంతో. కొత్త పాఠం ఎప్పుడూ ఒంటరిగానే.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఆన్‌లైన్‌లో నేర్చుకునేవారు ఒకటి గమనించాలి. వీడియో కాల్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువుగారితో కలిసి పాడటం కుదరదు. తాళం కలవక మీరే తప్పు పాడుతున్నారనిపిస్తుంది. ఆయన ఒక ఆవర్తనం పాడి ఆగాక మీరు తిరిగి పాడటమే దారి. కలిసి పాడిన అనుభూతి కావాలంటే, గురువుగారి అనుమతితో పాఠం రికార్డు చేసుకుని దానితో పాటు పాడండి.

రెండు వారాల తరవాత: ఏది ఎక్కడ తప్పింది?

నోట్‌బుక్‌లో లీనం అంకెల సగటును మొదటి వారంతో పోల్చండి. ఊహించిన నిమిషాల కంటే అసలు నిమిషాలు ఎక్కువగా ఉన్న రోజులు పెరిగాయా చూడండి. ఒక్కో రోజు అంకెను పట్టించుకోకండి, నిద్ర చాలకపోయినా జలుబు చేసినా అది పడిపోతుంది.

లీనం పెరగలేదు, "మనసు ఎటు పోయింది" అన్న చోట విసుగే కనిపిస్తోంది అంటే మోతాదు చాలలేదు. అక్కడ ఎక్కువగా మనుషులే కనిపిస్తున్నారంటే, గురువుగారో, అత్తగారో, సహ విద్యార్థులో, మోతాదు మార్చి లాభం లేదు. మూడో మెట్టుకు వెళ్ళి కారణాల పేజీ మళ్ళీ చదవండి. ఆఫీసు కనిపిస్తుంటే సాధన వేళ మార్చండి. తెల్లవారుజామున 25 నిమిషాలు రాత్రి గంట కంటే మెరుగని కొందరికి తేలుతుంది, కొందరికి తేలదు.

లీనం అంకెలు 8, 9 దగ్గరున్నా మూడు నెలలుగా పాఠం కదలకపోవడం ఇంకో చిక్కు. వచ్చిన కృతులే పాడుకుంటూ తేలిపోవడం వల్ల ఇది జరుగుతుంది. తప్పును వెతికి పట్టుకుని సరిదిద్దే సాధన సహజంగా అంత హాయిగా ఉండదని ఆండర్స్ ఎరిక్‌సన్ 1993 నుంచీ చెబుతూ వచ్చారు. కాబట్టి 20 నిమిషాల కొత్త పాఠంలో లీనం 5 దగ్గర ఉంటే కంగారు పడకండి. ఆఖరి పది నిమిషాలు ఉన్నది అందుకే. రెంటినీ కలిపి ఒక అంకె వేయకుండా విడివిడిగా వేస్తే ఈ తేడా మీకే కనిపిస్తుంది.

చివరిగా గొంతు. లీనమైనప్పుడు అలసట తెలియదు, ఉన్నట్టుండి బొంగురు పోయాకే తెలుస్తుంది. తార (పై) స్థాయి పాఠానికి విడిగా 10 నిమిషాల అలారం పెట్టుకోండి. వీలైతే శ్రుతిని మీ గొంతుకు సరిపోయే చోటికి దించుకోండి. హార్మోనియం తెల్ల మెట్ల లెక్కలో, సాధారణంగా మగవారికి ఒకటి నుంచి రెండు లోపు, ఆడవారికి ఐదు నుంచి ఆరు లోపు నప్పుతుంది. క్లాసులో అందరూ పాడే శ్రుతి మీకూ సరిపోవాలని లేదు. మధ్యలో గుక్కెడు నీళ్ళు తాగుతుండండి. గొంతులో నొప్పి మొదలైతే ఆ రోజుకు పాట ఆపి, చేతి తాళంతో స్వరాలు మనసులో అనుకోండి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోండి. అప్పటిదాకా మూడో కాలం జోలికి వెళ్ళకండి.